షార్జా గోడ మీద బెంగళూరు అలవాట్లు

బెంగళూరు హూడి నుంచి ఒక తాపీ మేస్త్రి రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. వయసు 38, సొంతూరు మక్తల్ దగ్గర పల్లె. పదహారేళ్ల కిందట భార్యతో కలిసి బెంగళూరు వచ్చారు. అప్పటి నుంచి కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్, వర్తూరు చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో ప్లాస్టరింగ్ పనే. నిరుడు ఒక ఏజెంటుకు 95 వేలు కట్టి, ఖర్చులన్నీ కలిపి లక్షా ఇరవై వేలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుని షార్జా వెళ్లారు. కాగితంలో ‘ప్లాస్టర్ మేసన్, 1,400 దిర్హాములు’ అని ఉంది. మొదటి మూడు వారాలు బయటి గోడలకు సంచుల్లో వచ్చే సిమెంట్ మాలు కొట్టారు. అందులో కొంత, తట్టి చూస్తే డొల్ల పలికింది. తర్వాత లోపలి గోడలకు జిప్సం (నీళ్లు కలిపితే త్వరగా రాయిలా గట్టిపడే పొడి) పూత ఇచ్చారు. అక్కడే కథ అడ్డం తిరిగింది.

ఆయన మాటల్లోనే: ‘బస్తా మొత్తం ఒకేసారి కలిపేవాణ్ని. ఇరవై నిమిషాలకే బకెట్‌లో రాయి అయ్యేది. నీళ్లు పోసి మళ్లీ కలిపితే గోడకు పట్టేది గానీ, మర్నాడు చెయ్యి తగిలితే పిండిలా రాలేది. బకెట్ తాపీతో గీకి మళ్లీ వాడేవాణ్ని. నున్నగా రావాలని పైన కాస్త సిమెంట్ చల్లాను. తెల్లారి మన దగ్గర లాగే పూతకు నీళ్లు కొట్టాను. స్తంభం మీద వేసింది పలకకు పలక జారిపోయింది.’ కారిడార్‌లో పద్దెనిమిది చదరపు మీటర్ల పూత పగలగొట్టించారు. ఫోర్‌మన్ ఆయన్ను హెల్పర్‌గా దించి, జీతం 1,000 చేసి, ఏదో కాగితం మీద సంతకం తీసుకున్నాడు. ఐదు నెలలు బస్తాలు మోశారు. తండ్రికి ఒంట్లో బాగోలేక నలభై రోజుల సెలవు మీద వచ్చారు. ఇంకా ఐదు వారాలుంది. అప్పులో అసలు 70 వేలు మిగిలింది. భార్య వెళ్లొద్దంటోంది. పాత మేస్త్రి రోజుకు 1,100 ఇస్తాను రమ్మంటున్నాడు. ‘పదహారేళ్లు గోడ కొట్టినవాడికి పని రాదన్నారు. నా చేతిలో పని పోయిందా? మళ్లీ పోవాలా, మానాలా?’ అని అడిగారు.

మీ చేతిలో పని ఎక్కడికీ పోలేదండీ. ఊరడించడానికి చెబుతున్న మాట కాదిది. మీరే రాసిన ఆ ఐదారు వాక్యాల్లో దానికి రుజువుంది. గోడ వంకరగా వచ్చిందనో, మూల మట్టానికి రాలేదనో, మందం ఎక్కువైందనో మిమ్మల్ని ఎవరూ అనలేదు. తూకం (గోడ నిలువు చూడటం), మట్టం, పట్టీ (గోడను చదును చేసే పొడవాటి బద్ద) లాగడం మీకు బాగానే నడిచాయి. పాడైనదంతా కలపడంలో, టైములో, నీళ్లలో. సిమెంట్ మాలుకు పనికొచ్చే అలవాట్లను జిప్సానికి వాడారు. వాటిలో ఒక్కటీ దానికి సరిపడదు. ఈ తేడా మీకు ఎవరైనా ఒక పూట కూర్చోబెట్టి చెప్పాల్సింది. చెప్పలేదు.

మీ ఉత్తరంలో పని సంగతి, జీతం సంగతి, వెళ్లాలా వద్దా అన్న సంగతి మూడూ చిక్కుపడి ఉన్నాయి. పని సంగతి తేలితే మిగతా రెండూ చాలావరకు విడిపోతాయి. అందుకే మొదట అదే చూద్దాం, కాస్త వివరంగా.

సిమెంట్‌కు నీళ్లు రోజుల తరబడి కావాలి. ఏడు రోజులు తడుపుతూ ఉంటే అది బలం పుంజుకుంటూ ఉంటుంది. జిప్సం నడక వేరు. జిప్సం రాయిని 150 డిగ్రీల చుట్టుపక్కల వేడి చేస్తే అందులో ఉన్న నీటిలో ముప్పాతిక వంతు పోతుంది. సంచిలో వచ్చేది ఆ పొడే. మీరు నీళ్లు కలపగానే అది పోగొట్టుకున్న నీటిని లాక్కుని మళ్లీ రాయి అవుతుంది. లోపల సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలు పుట్టి ఒకదానిలో ఒకటి అల్లుకుంటాయి. ఆ అల్లికే బలం. అది ఒక్కసారే జరుగుతుంది. ఏమీ కలపని ఉత్త జిప్సం అయితే అరగంటలోపే పని ముగించేస్తుంది. కంపెనీ వాళ్లు మందు కలిపి ఆ టైమును పొడిగిస్తారు. ఎంత పొడిగించారో సంచి మీదే ఉంటుంది.

ఇప్పుడు మీ బకెట్ సంగతి. గట్టిపడటం మొదలైన మాలులో నీళ్లు పోసి కలిపితే అప్పటికే అల్లుకున్న సూదులు విరిగిపోతాయి. విరిగినవి మళ్లీ అల్లుకోవు. ముద్ద మెత్తబడి గోడకు పట్టినట్టే కనిపిస్తుంది, ఆరాక పిండి అవుతుంది. సిమెంట్ మాలు కాస్త బిగిస్తే నీళ్లు చిలకరించి తిరగేయడం మన సైట్లలో మామూలే, అక్కడ అది చాలాసార్లు దాటిపోతుంది కూడా. జిప్సంలో అలా దాటదు. బిగిసింది పారేయడమే.

ఇరవై నిమిషాలకే ఎందుకు బిగిసిందన్నది ఇంకా ముఖ్యం. సైట్లకు వచ్చే జిప్సం సంచులు మామూలుగా అంత తొందర పెట్టవు. తొందర పెట్టింది మీరు గీకి వదిలేసిన బకెట్. గోడలకు అంటుకున్న పాత ముక్కలు కొత్త మాలులో విత్తనాల్లా పనిచేస్తాయి. పాలలో తోడు పడ్డట్టు, వాటి చుట్టూ స్ఫటికాలు గబగబా పుట్టుకొస్తాయి. గంటసేపు ఆగాల్సిన మాలు ఇరవై నిమిషాల్లో రాయి కావడానికి గుప్పెడు పాత పెళ్లలు చాలు. దీన్ని మీ ఇంట్లోనే చూసుకోవచ్చు. రెండు ప్లాస్టిక్ డబ్బాలు తీసుకోండి. రెండింటిలో 300 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, అరకిలో చొప్పున జిప్సం పొడి చల్లి కలపండి. ఒకదానిలో మాత్రం నిన్న గట్టిపడిన జిప్సాన్ని నలిపి ఒక చెంచా వేయండి. ఫోన్‌లో టైము పెట్టి ఐదు నిమిషాలకోసారి బొటనవేలి గోరుతో నొక్కి చూడండి. పెళ్లలు వేసిన డబ్బాలో గోరు దిగడం ముందే ఆగిపోతుంది. ఎంత ముందో మీ కళ్లతో చూశాక బకెట్ కడగమని మీకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఎండాకాలంలో అక్కడ డాబా మీది ట్యాంకు నీళ్లు కాగినట్టు వస్తాయి. వేడి నీళ్లు కూడా మాలును తొందరపెడతాయి. నీడలో డ్రమ్ము పెట్టించి అందులో నీళ్లు వాడండి. సిమెంట్ కలిపిన బకెట్, సిమెంట్ అంటిన తాపీ జిప్సానికి తేవద్దు. రెండింటికీ వేరు వేరు సామాను ఉండాలి.

కలిపే వరస కూడా తిరగబడుతుంది. మన దగ్గర పొడి మాలు మీద గుంట చేసి నీళ్లు పోస్తాం. జిప్సానికి ముందు బకెట్‌లో నీళ్లు కొలిచి పోసి, పొడిని నీళ్లలో చల్లాలి. 25 కిలోల సంచికి మామూలుగా 14 నుంచి 17 లీటర్ల మధ్య పడుతుంది. కచ్చితమైన అంకె సంచి మీద ఉంటుంది, దాన్నే పాటించండి. పొడి నీళ్లు పీల్చుకునేదాకా ఒకటి రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, డ్రిల్లుకు తెడ్డు పెట్టి తక్కువ స్పీడులో గడ్డల్లేకుండా తిప్పితే చాలు. అతిగా తిప్పినా తొందరగా బిగుస్తుంది. మొదట్లో మీరు ఒక్కరే చేస్తున్నప్పుడు సగం సంచికి మించి కలపొద్దు.

పైన సిమెంట్ చల్లడం గురించి గట్టిగా చెప్పాలి. తడి ఎక్కువైన పూత మీద పొడి సిమెంట్ చల్లి రుద్దితే నీరు లాగేసి నున్నగా వస్తుందని మన మేస్త్రీలందరికీ అలవాటు. సిమెంట్ పూత మీద కూడా అది మంచిది కాదు, పై పొర విడిగా కుంచించుకుని వెంట్రుక పగుళ్లు వస్తాయి. జిప్సం మీద అయితే ప్రమాదమే. తడి తగిలినప్పుడల్లా సిమెంటూ జిప్సమూ కలిసి ఉబ్బే లవణం పుడుతుంది, లోపలి నుంచి పూతను తోసేస్తుంది. జిప్సం మాలులో గట్టితనం కోసం గుప్పెడు సిమెంట్ కలపడమూ అంతే. ఈ ఒక్క అలవాటును ఇక్కడే వదిలేసి వెళ్లండి.

నీళ్లు కొట్టడం సంగతి. గట్టిపడటం అయిపోయాక జిప్సానికి కావలసింది గాలి. అందులో మిగిలిన నీరు ఆరిపోవాలి, అప్పుడే దానికి పూర్తి గట్టిదనం వస్తుంది. జిప్సం లీటరు నీటికి రెండు గ్రాముల దాకా కరుగుతుంది. పూతకు పైపుతో నీళ్లు కొడితే పై పొరను మీ చేతులతో మీరే కరిగించినట్టు. బాత్రూముల్లో, బయటి గోడలకు దీన్ని వాడకపోవడానికీ అదే కారణం.

స్తంభం మీది పలక జారిపోవడం వేరే జబ్బు. కొత్త సెంట్రింగుతో పోసిన కాంక్రీటు అద్దంలా ఉంటుంది, పైగా దాని మీద సెంట్రింగు ఆయిలు జిడ్డు. అక్కడ ఏ పూతా నిలవదు. జిడ్డును బ్రష్షుతో, సబ్బు నీళ్లతో కడిగి ఆరనిచ్చి, ఇసుక గరుకు కలిసిన బాండింగ్ ద్రవాన్ని రోలర్‌తో పూయాలి. ఎక్కడ పూసిందీ తెలియడానికి చాలా రకాలకు రంగు కలిపి ఉంటుంది. అది ఆరి చేతికి గరుకుగా తగిలాకే జిప్సం. దాని మీద దుమ్ము పడనివ్వొద్దు. మన దగ్గర స్తంభాలకు సుత్తితో గంట్లు కొట్టి సిమెంట్ పాలు చల్లి పని కానిస్తాం. అక్కడి ఇన్‌స్పెక్టర్ బాండింగ్ రంగు కనిపిస్తుందా లేదా అని చూస్తాడు. ఏఏసీ బ్లాకు (లోపల గాలి రంధ్రాలుండే తేలికపాటి సిమెంట్ ఇటుక) గోడ సంగతి దీనికి ఎదురు: అది నీళ్లను పీల్చేస్తుంది. మాలులో నీరు బ్లాకులోకి పోతే పూత వెనుక పొడిబారి డొల్ల పలుకుతుంది. దుమ్ము దులిపి, లైటుగా తడిపి, పైన నీటి మెరుపు పోయాక మొదలుపెట్టాలి, లేదా కంపెనీ ఇచ్చే ప్రైమర్ పూయాలి. బ్లాకూ కాంక్రీటూ కలిసే గీత మీద రెండు వైపులా వంద మిల్లీమీటర్ల చొప్పున కప్పేలా జాలీ కొట్టడం మాత్రం మీకు కొత్త కాదు.

మొదటి మూడు వారాల సిమెంట్ పూత డొల్ల పలకడానికి మీరు కారణం రాయలేదు. మీరు చెప్పినదాన్ని బట్టి రెండు అనుమానాలు. ఒకటి, కింద చల్లే గరుకు పొర. సిమెంట్, ఇసుక ఒకటికి ఒకటిన్నర నుంచి రెండు పాళ్లలో బాండింగ్ ద్రవంతో కలిపి గోడ మీద చిమ్మే ఆ పొరకు రెండు మూడు రోజులు తడి పట్టాలి. మేకుతో గీస్తే రాలకూడదు. మర్నాడే పూత ఎక్కిస్తే ఆ పొరతో సహా ఊడుతుంది. రెండు, ఎండకు కాలిన గోడ. చెయ్యి పెట్టి పది సెకన్లు ఉంచలేని గోడ మీద మాలు వేస్తే సిమెంట్ పట్టకముందే నీరు ఎగిరిపోతుంది. సూర్యుడు తిరిగే దిక్కును బట్టి నీడ ఉన్న వైపు పని పెట్టుకోవాలి. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని నిషేధం. అందుకని ఆ నెలల్లో బయటి గోడకు ఉదయం పదిలోపు మాలు ఎక్కించి, పన్నెండున్నరకు రుద్దుడు కూడా ముగించేలా చూసుకోవాలి. సగం రుద్ది వదిలేసిన గోడను మూడు గంటలకు వచ్చి ఎవరూ సరిచేయలేరు.

ఆ సంచుల మాలులో ఇసుక, సిమెంట్‌తో పాటు నీటిని పట్టి ఉంచే పొడి, గాలి బుడగలు పుట్టించే మందు ముందే కలిసి ఉంటాయి. అందుకే అది వెన్నలా జారుతుంది. మన చేతికి అది ‘సిమెంట్ తక్కువైన మాలు’లా అనిపిస్తుంది. అలా అనిపించి చాలామంది ఇంకో గమేళా సిమెంట్ కలుపుతారు. కలిపారో, గోడంతా పగుళ్లే. 50 కిలోలకు ఎనిమిది లీటర్ల చుట్టూ నీళ్లు, మూడు నిమిషాలు తిప్పడం, ఐదు నిమిషాలు ఆపడం, మళ్లీ ఒక్కసారి తిప్పడం, అంతే. ఎక్కువసేపు తిప్పితే గాలి ఎక్కి పూత బలం తగ్గుతుంది. ఇది మామూలు సిమెంటే కాబట్టి నీళ్లు కొట్టడం దీనికి తప్పనిసరి. అక్కడి ఎడారి ఇసుక కలిపి పొదుపు చేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆ రేణువులు గాలికి అరిగి గుండ్రంగా, మరీ సన్నగా ఉంటాయి, పట్టు ఉండదు. ఉప్పు కూడా ఉండొచ్చు.

‘సంచి మీద ఇంగ్లీషు, అరబ్బీ, నాకు అంకెలే తెలుస్తాయి’ అన్నారు. అంకెలు చాలు. ఈఎన్ 13279 అని ఉంటే అది జిప్సం. ఈఎన్ 998 అని ఉంటే సిమెంట్ మాలు. జిప్సం సంచి మీద బి1/50/2 లాంటిది వెతకండి. మధ్యలో ఉన్న 50 మీకు ప్రాణం: కనీసం యాభై నిమిషాల దాకా గట్టిపడటం మొదలుకాదని దానర్థం. అక్కడ 20 ఉంటే మీకు ఇరవై నిమిషాలే ఉన్నట్టు లెక్క వేసుకోండి. సిమెంట్ మాలు సంచి మీద సీఎస్ అనే రెండు ఇంగ్లీషు అక్షరాల పక్కన నిలువు గీతలుంటాయి. రెండు గీతలైతే మధ్యరకం బలం, గీతా దాని పక్కన ‘వి’ ఆకారమూ ఉంటే అన్నిటికన్నా గట్టిది. తయారైన తేదీ కూడా చూడండి. పాతబడి చెమ్మెక్కిన జిప్సం ఎప్పుడు బిగుస్తుందో ఎవరూ చెప్పలేరు. అలాంటి సంచి ఇస్తే వాడకముందే ఫోర్‌మన్‌కు చూపించండి.

ఈ ఐదు వారాల్లో చేతికి అలవాటు చేసుకోవడానికి బెంగళూరులోనే అన్నీ దొరుకుతాయి. జిప్సం ప్లాస్టర్, సంచుల సిమెంట్ మాలు ఇప్పుడు ఇక్కడి అపార్ట్‌మెంట్లలోనూ వాడుతున్నారు కాబట్టి బిల్డింగ్ మెటీరియల్ షాపుల్లో అడగండి. ఆరు సంచుల జిప్సం, రెండు సంచుల మాలు, సీసా బాండింగ్ ద్రవం, స్టీలు తాపీ, స్పాంజి చాలు. మీ పాత మేస్త్రి సైటులో స్టోరు గదిలాంటి చోట ఒక ఏఏసీ గోడ అడగండి, ఊరికే పూత వేసి ఇస్తానంటే కాదనడు. మూడడుగుల చదరంతో మొదలుపెట్టండి. పన్నెండు మిల్లీమీటర్ల మందానికి పది కిలోల పొడి పడుతుంది. బుల్‌మార్కులు (పూత మందానికి గుర్తుగా ముందే పెట్టే చిన్న ముద్దలు) పెట్టి, మాలు ఎక్కించి, పట్టీతో కింది నుంచి పైకి అటూ ఇటూ కదుపుతూ లాగండి. ఇక్కడి దాకా మీకు వచ్చినదే.

తర్వాత ఆగండి. కొత్తగా నేర్చుకోవాల్సింది ఈ ఆగడమే. వేలితో నొక్కితే గుర్తు పడాలి, వేలికి అంటకూడదు. అప్పుడు పట్టీ అంచుతో ఎత్తుపల్లాలను గీకి కోసేయండి. పల్లాల్లో అదే మాలు నింపండి, కొత్తది కలపొద్దు. ఇంకాసేపటికి వేలి గుర్తు లీలగా మాత్రమే పడే దశ వస్తుంది. అప్పుడు తడి స్పాంజితో గుండ్రంగా రుద్దితే పైకి పాలలాంటి ముద్ద వస్తుంది. దాన్ని స్టీలు తాపీ దాదాపు పడుకోబెట్టి లాగితే సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి. చెక్కతో రుద్దడం ఇందులో ఉండదు. ముందే తాపీ పెడితే మాలు తాపీతో లేచొస్తుంది. ఆలస్యమైతే తాపీ నల్లటి గీతలు పడతాయి, రుద్దినా పోవు. ప్రతి దశ ఎన్ని నిమిషాలకు వచ్చిందో గోడ మీదే పెన్సిల్‌తో రాయండి. నాలుగైదుసార్లు వేసి పగలగొట్టాక ఆ అంకెలు మీ చేతికే తెలుస్తాయి. రెండు మీటర్ల పట్టీ పెడితే ఎక్కడా మూడు మిల్లీమీటర్లకు మించి సందు కనపడకూడదు. మీ పదహారేళ్ల చెయ్యి దీన్ని తేలిగ్గానే దాటుతుంది.

ఇక డబ్బు. దిర్హాముకు ఇరవై మూడున్నర రూపాయలు అనుకుంటే 1,000 దిర్హాములు సుమారు 23 వేల 500. తిండికి అక్కడ 300 పోయినా చేతికి మిగిలేది 16 వేలు. ఇక్కడ మీ మేస్త్రి ఇచ్చే 1,100 నెలకు 24 రోజులు వేసుకున్నా 26 వేల 400, కుటుంబం కళ్లెదుట. హూడి ఇంటి అద్దె మీరు ఉన్నా లేకున్నా కట్టేదే. కాబట్టి హెల్పర్ జీతం మీదే ఉంచేట్టయితే వెళ్లడంలో లాభం లేదని నా గట్టి అభిప్రాయం. 1,400 దక్కితే లెక్క మారుతుంది. తిండి పోగా 25 వేలకు పైన మిగులుతుంది, ఇక్కడి 26 వేల 400లో మీ తిండి ఖర్చు ఇంకా తీయలేదు. 70 వేల అసలు మీద వడ్డీ నెలకు 2,100. నాలుగైదు నెలల్లో అప్పు తీరుతుంది.

అందువల్ల టికెట్ కన్నా ముందు జీతం సంగతి తేల్చుకోండి. మీ ఒప్పందం అక్కడి కార్మిక శాఖలో నమోదై ఉంటుంది. ఆ శాఖ యాప్‌లో చూడొచ్చు, చదువుకున్న పిల్లలతో చూపించుకోండి. అందులో ఇప్పటికీ 1,400 ఉంటే మీకు వెయ్యి ఇస్తున్నది ఒప్పందం ప్రకారం కాదు. మీరు సంతకం పెట్టిన కాగితం జీతం మార్పుకేనా, ఉత్త హెచ్చరికా అన్నది తెలియాలి, కాపీ అడగండి. తేడా ఉంటే అక్కడి కార్మిక శాఖ సలహా నంబరు 80084. మన ప్రభుత్వం దుబాయ్‌లో నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు 80046342, అక్కడి నుంచి చేస్తే ఉచితం. ఫిర్యాదు చేస్తే కంపెనీతో ముఖం చెడవచ్చు, ఆ మాట దాచను. అందుకే మొదట ఫోర్‌మన్‌తో మాట్లాడి చూడటం మేలు.

ఏజెంటు సంగతి కూడా ఊరికే వదలొద్దు. రిజిస్టరైన ఏజెంటు మీ దగ్గర తీసుకోగలిగింది 30 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. మీరు కట్టింది 95 వేలు. ఫోన్‌లో పంపిన డబ్బుకు రికార్డు ఉంటే తీసి పెట్టుకోండి. హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసులో (విదేశాలకు పనికి వెళ్లేవాళ్ల బాగోగులు చూసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు), లేదా ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. రిజిస్ట్రేషన్ లేనివాడైతే పోలీసు కేసు. డబ్బంతా వెనక్కి వస్తుందని ఆశ పెట్టను, కానీ ఫిర్యాదు పడ్డాక ఏజెంటు రాజీకి రావొచ్చు.

మీ ముందున్న దారులు ఇవి. ఒకటి, సాధన చేసి, జీతం మాట తేల్చుకుని, జిప్సం పనికే వెళ్లడం. వెళ్లగానే పెద్ద గోడ అడగొద్దు. మిషన్‌తో జిప్సం కొట్టే గుంపులో పట్టీ లాగే మనిషిగా చేరతానని అడగండి. పైపు పట్టేవాడు చిమ్ముకుంటూ పోతే వెనక గోడను మట్టానికి తెచ్చేవాడే ఆ గుంపుకు ప్రాణం, ఆ పని మీకు వచ్చు. నెల తిరిగేలోపు నున్నపు పని కూడా చూసి పట్టుకుంటారు. దీనిలో ఇబ్బంది ఏమిటంటే, మిమ్మల్ని దించిన మనిషి ముందే మళ్లీ నిలబడాలి.

రెండో దారి, సిమెంట్ వైపు మార్చమనడం: బాత్రూములు, బయటి గోడలు, షాఫ్టులు (పైపులు వెళ్లే నిలువు సందులు). మీకు దగ్గరి పని, తప్పులు తక్కువ. కానీ ఎండ, పరంజా ఎక్కువ.

మూడోది, ఇక్కడే ఉండిపోవడం. ఇందులో తప్పేం లేదు, మీ భార్య మాటలో బలముంది. ఐదు నెలలు మీరు ఫోన్‌లో ఏం చెప్పకుండా దాచారని రాశారు. ఆమె భయం షార్జా మీద కన్నా ఆ దాచడం మీద కావచ్చు, లెక్కలన్నీ ఆమె ముందు పెట్టి మాట్లాడండి. అయితే సెలవు మీద వచ్చి ఊరికే ఆగిపోవద్దు. చెప్పకుండా వరుసగా ఏడు రోజులు దాటి పనికి రాకపోతే నోటీసు లేకుండా తీసేయొచ్చని అక్కడి చట్టం. మానేసి వెళ్లాడని ఫిర్యాదు పడితే ఏడాదిపాటు కొత్త వర్క్ పర్మిట్ రాదు. మానాలనుకుంటే ఒప్పందంలో ఉన్న నోటీసు, కనీసం ముప్పై రోజులు, రాతపూర్వకంగా ఇప్పుడే ఇచ్చి రాజీనామా చేయండి. మీకు ఐదు వారాలే ఉన్నాయి కాబట్టి ఈ దారి ఎంచుకుంటే ఈ వారంలోనే తేల్చుకోవాలి. ఇక్కడ ఉన్నా ఆ ఆరు సంచుల సాధన వృథా పోదు. జిప్సం పూత ఇక్కడ చదరపు అడుగు లెక్కన గుత్తకు ఇస్తారు. చెయ్యి కుదిరాక రోజు కూలి కన్నా మెరుగ్గా గిట్టుబాటు కావచ్చు.

నా మొగ్గు మొదటి దారి వైపు, 1,400 కాగితం మీద కనిపిస్తేనే. రెండు వారాల సాధన తర్వాత మీ గోడ ఫొటోలు, పట్టీ ఆనించి తీసినవి, ఫోర్‌మన్‌కు వాట్సాప్‌లో పంపండి. కింద ఒక్క మాట రాయండి: ‘స్టోరు రూములో రెండు మీటర్ల గోడ ఇచ్చి చూడండి, నచ్చితే తాపీ ఇవ్వండి, జీతం పాతది చేయండి.’ ఆయన జవాబు ఎలా వస్తుందో చూశాకే టికెట్ డబ్బు కట్టండి. వెళ్తే గనక పెట్టెలో మీ చేతికి అలవాటైన స్టీలు తాపీ, ఒక స్పాంజి, బకెట్లు కడగడానికి గట్టి కుచ్చుల బ్రష్షు పెట్టుకోండి. ప్రతి మాలుకూ ముందు ఆ బ్రష్షు పని కానిచ్చాకే నీళ్లు పోయండి.